రాజుగారు మళ్ళీ అడిగారు

మా అక్కకి మాట పడిపోయిందని తెలిసిన రోజున వీధిలో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు, మిగతా సగం ఊపిరి పీల్చుకున్నారు. మొదటి సగంలో కొందరు రెండో సగంలో కూడా ఉన్నారని నా అనుమానం. వీధంతా ఆమెని కత్తెరక్క అనేవాళ్ళు. చేతిలో కత్తెర, నోట్లో కత్తి. మా ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ నడుమే కాదు, నడత కూడా కొలిచి మొహంమీదే చెప్పేది. లోకంలో దర్జీలందరికీ దక్కాల్సిన దర్జా అంతా ఒక్క మా అక్క దగ్గరే పోగుపడి ఉండేది.

నా సంగతి చెప్పక్కర్లేదు, వినే ఉంటారు. నాది మైకుల వ్యాపారం. సభలకీ పెళ్ళిళ్ళకీ మైకులు అద్దెకిస్తాను, మాట్లాడేవాడు రాకపోతే నేనే మాట్లాడి పెడతాను, వచ్చినా మాట్లాడతాను. మా ఆవిడ బస్సు డిపోలో టైమ్‌కీపరు. అక్కడ బస్సుల్నీ, ఇక్కడ నన్నూ ఆలస్యమయ్యామని పట్టుకుంటూ ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివే మా పిల్ల ఒక్కతే మితభాషి. దాని స్వభావమేం కాదది. ఈ ఇంట్లో దానికి మాట్లాడే వంతు ఎప్పుడూ రాలేదు, అంతే.

ఆ వానాకాలం మొదటి జల్లులతోబాటు అక్కకి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేటప్పటికి కుడికాలు ఈడుస్తూ నడవగలిగేది, కుడిచెయ్యి బరువుగా వేలాడేది. మాటలన్నీ పోయి రెండే మిగిలాయి. ఊఁ అంటే అవును. ఊహూఁ అంటే కాదు. ఆ రెంటికీ మధ్యనున్నదంతా మా ఊహ.

"బుర్ర బాగానే ఉంది, అన్నీ అర్థమవుతాయి" అన్నాడు డాక్టరు. "మాట రావచ్చు, రాకపోవచ్చు. కుడిచేతి వేళ్ళు మాత్రం ఊరికే ఉంచకండి. ఏదో ఒకటి పట్టిస్తూ ఉండండి."

ఏం పట్టించాలి? కత్తెర పట్టిస్తే జారిపోయింది. జారాక అక్క మళ్ళీ దానివైపు చూడలేదు. సగం కత్తిరించిన గుడ్డ బల్లమీద ఉండగానే ముందుగది తలుపు వేసేశాం. నేను స్పాంజి బంతి ఒకటి కొనుక్కొచ్చాను. అక్క దాన్ని ఎడంచేత్తో తీసి నా మొహాన కొట్టింది. గురి ఏమాత్రం తప్పలేదు. చివరికి మా పిల్ల మంచం కిందనుంచి అట్టపెట్టె ఒకటి లాగింది. వీధి చివర వీడియో గేముల కొట్టు ఎత్తేసినప్పుడు ఆ కొట్టాయన దానికిచ్చి వెళ్ళిన పాత ఆటపెట్టె. టీవీకి తగిలించాలి. రెండు చేతులా పట్టుకోడానికి రిమోటు లాంటిదొకటి, దాని నిండా బొత్తాలు.

"ఎన్ని చొక్కాలకి బొత్తాలు కుట్టావు అత్తా! ఈ నాలుగు బొత్తాలు నొక్కలేవా?" అంది పిల్ల.

నేను వెనకనుంచి చప్పట్లు కొట్టాను. నా రక్తం ఎక్కడికి పోతుంది!

ఆ ఆట ఎలా మొదలవుతుందంటే, ఒక కుర్రాడు మంచంమీద పడుకుని ఉంటాడు, వాళ్ళమ్మ వచ్చి లేపుతుంది. మాటలన్నీ తెర అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో పడతాయి. పిల్ల వాటిని తెలుగులో చదివి చెప్పేది.

"'లే నాయనా, తెల్లారిపోయింది. రాజుగారు నిన్ను రమ్మన్నారు' అంటోంది అత్తా వాళ్ళమ్మ."

"వాడేమన్నాడు?" అన్నాను నేను వెనక కుర్చీలోంచి.

"వాడేం అనడు నాన్నా. హీరో మాట్లాడడు."

"అదేమిటే, మూగవాడా?"

"కాదు. ఇలాంటి పాత ఆటల్లో హీరో మాట్లాడడు, అంతే. మిగతా అందరూ వాడితో మాట్లాడతారు, వాడు వింటాడు. ఎవరన్నా ఏదన్నా అడిగితే కింద అవును, కాదు అని రెండు వస్తాయి. ఒకటి నొక్కాలి."

అక్క తెరమీది కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది, కొలతలు తీసుకుంటున్నట్టు. తరవాత కుడిచేతి బొటనవేలిని ఎడంచేత్తో తీసి బొత్తాం మీద పెట్టుకుని, నొక్కింది. కుర్రాడు మంచం దిగాడు.

వానాకాలం నా వ్యాపారానికి జలుబు చేసే కాలం. సభలుండవు, ఊరేగింపులుండవు. మైకు హారన్లకి తుప్పు, నాకు తప్పు. ఇంట్లో ఏం జరిగినా నాదే తప్పు. అందుకని రోజూ సాయంత్రం పిల్ల బడినుంచి రాగానే నేనూ కుర్చీ లాక్కుని ఆ ఆటలోకి దూరేవాణ్ణి. దానికో రాజ్యం, రాజ్యానికో చట్టం ఉంది. ఊళ్ళో ప్రతి మనిషికీ ఒకటే మాట. బావి దగ్గర ఒకావిడ నిల్చుని ఉంటుంది. ఎప్పుడు పలకరించినా, "ఈ బావి నీళ్ళు భలే తియ్యగా ఉంటాయి" అంటుంది. పక్కూరు తగలబడిపోతోందని చెప్పడానికి వెళ్ళినా ఆ బావి నీళ్ళు తియ్యగానే ఉంటాయి.

"ఇదేం మనిషే!" అన్నాను.

"నువ్వు కూడా అంతే నాన్నా" అంది పిల్ల, తెరమీంచి చూపు తిప్పకుండా. "రోజూ పొద్దున్నే అత్త మంచం దగ్గరికొచ్చి 'ఏమక్కా, హుషారేనా?' అంటావు. వేరే మాటుండదు."

నేను అక్కవైపు చూశాను, కాదంటుందేమోనని.

"ఊఁ" అంది అక్క.

పోట్లాటలు వచ్చాయంటే అదింకో వింత. రాక్షసులు ఒక వరసలో, మనవాళ్ళు ఒక వరసలో నిలబడతారు. మనం కొట్టేదాకా వాళ్ళాగుతారు, వాళ్ళు కొట్టేదాకా మనం ఆగుతాం. "మనింట్లో భోజనాల దగ్గరకంటే మర్యాదగా ఉందే!" అంది మా ఆవిడ కంచాలు తీస్తూ.

అన్నిటికంటే పెద్ద చట్టం పెట్టెలది. ఆ రాజ్యంలో హీరో ఎవరింట్లోకైనా చెప్పకుండా వెళ్ళిపోవచ్చు, గదిలో మూలనున్న పెట్టె తెరిచి అందులో ఉన్నది తీసేసుకోవచ్చు. ఇంటివాళ్ళు పక్కనే నిలబడి వానల గురించి మాట్లాడుతూ ఉంటారు. పిల్ల మొదటి ఇంట్లోకి తీసుకెళ్ళి, "నొక్కత్తా, ఇందులో కత్తుంటుంది" అంది.

"ఊహూఁ."

"అందరూ తీసుకుంటారత్తా. దొంగతనం కాదు, ఆటలో రూలే అది."

"ఊహూఁ!"

ముక్క మిగిలినా మడతపెట్టి గుడ్డ ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చేసిన మనిషి మా అక్క. ఎవరి పెట్టె జోలికీ వెళ్ళలేదు. దాంతో మా హీరో వదులు చొక్కాతో, చేతిలో కర్రముక్కతో లోకాన్ని ఉద్ధరించడానికి బయల్దేరి, మొదటి పొదలోనే జిగురుముద్దల్లాంటి పిల్ల రాక్షసుల చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. ఇంత నిజాయితీగా ఓడిపోయిన వీరుడు ఆ ఆటపెట్టెలో ఇంకొకడు ఉండడు.

దెబ్బలు తిన్నవాణ్ణి పిల్ల సత్రానికి తీసుకెళ్ళమంది. "సత్రంలో ఒక్క రాత్రి పడుకుంటే చాలత్తా. ఎన్ని దెబ్బలున్నా లేచేసరికి మొత్తం నయమైపోతాయి."

తెర నల్లగా అయింది, చిన్న పాటొకటి వచ్చింది, తెల్లారింది. కుర్రాడు ఏమీ జరగనట్టు లేచి నిల్చున్నాడు. అక్క రిమోటు ఒళ్ళో పెట్టుకుని తన కుడిచేతివైపు చూసుకుంది. పిల్ల నావైపు చూసింది. కాసేపాగి అక్క వాణ్ణి మళ్ళీ సత్రంలో పడుకోబెట్టింది. వాడికి దెబ్బలేం లేవు. అయినా పడుకోబెట్టింది.

ఇదంతా ఒకెత్తు, రాజుగారు ఒకెత్తు. నిజానికి ఆయన ఆట మొదట్లోనే వస్తాడు. సింహాసనం మీద కూర్చుని, "వీరుడా! ఉత్తరాన చీకటికోటలో మాయరాక్షసుడు మేలుకున్నాడు. లోకాన్ని నువ్వే కాపాడాలి. వెళ్తావా?" అన్నాడు. కింద అవును, కాదు అని పడ్డాయి.

అక్క కాదు నొక్కింది.

పిల్ల చదివింది. "'అలా అనకు, వీరుడా! లోకాన్ని నువ్వే కాపాడాలి. వెళ్తావా?'"

కాదు.

"'అలా అనకు, వీరుడా! లోకాన్ని నువ్వే...'"

కాదు.

"అత్తా, ఎన్నిసార్లు నొక్కినా ఇంతే. నువ్వు అవును అనేదాకా రాజుగారు మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటారు. కాదంటే ఆటలో వేరే దారి లేదు."

"దారి లేనప్పుడు ఆ కాదు అన్నది ఎందుకే అక్కడ?" అన్నాను.

"అడిగినట్టుండాలి కదా నాన్నా!"

"రాజన్నాక రాజీ చేయించక మానడన్నమాట!"

అక్క వినిపించుకోలేదు. కాదు, కాదు, కాదు అని నొక్కుతూనే ఉంది. రాజుగారు అలా అనకు, అలా అనకు అని బతిమాలుతూనే ఉన్నాడు. కిరీటం పెట్టుకున్నవాడు, పక్కన సైన్యమున్నవాడు, ఒక దర్జీ బొటనవేలి ముందు అలా కాళ్ళావేళ్ళా పడుతుంటే అక్క భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వు. పెదవి ఎడంపక్కే లేచింది, సగం నవ్వే, కానీ మంచం మొత్తం ఊగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. మా ఆవిడ చేతిలో గరిటెతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పొయ్యిమీద ఏదో మాడింది. ఏమిటని ఎవరం అడగలేదు, మాట్లాడకుండా తినేశాం.

చివరికి అక్కే జాలిపడి అవును నొక్కింది. కథ కదిలింది.

వానలు ముదిరాక ఒక సెలవురోజున మా చెల్లెలూ, బావగారూ వచ్చారు. మా ముగ్గురిలో అక్క పెద్దది, చెల్లెలు చిన్నది, నేను మధ్యలో నలిగినవాణ్ణి. వాళ్ళుండేది పొరుగూళ్ళో, ఆరో అంతస్తులో. బావగారు లిఫ్టులు బిగించే కంపెనీలో మేస్త్రీ. పైకొచ్చిన మనిషి అని నేనంటే ఆయన ప్రతిసారీ నవ్వుతాడు, మంచివాడు.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని అసలు విషయం ఎత్తింది.

"అక్కా, మా దగ్గరికి వచ్చెయ్. ఇక్కడ వీళ్ళు పొద్దున్న పోతే సాయంత్రానికి గానీ రారు. అన్నయ్య వానలు తగ్గితే ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. గుమ్మానికి ఆ మెట్లొకటి. మా ఇంటికి లిఫ్టుంది, ఎదురుగానే ఆస్పత్రుంది. వస్తావా?"

"ఊహూఁ" అంది అక్క.

"అలా అనకక్కా. నేను రోజంతా ఇంట్లోనే ఉంటాను కదా. నీ పక్కనే ఉంటాను. వస్తావా?"

"ఊహూఁ."

"వదినగారూ" అన్నాడు బావగారు, కుర్చీ ముందుకి జరిపి. "మా లిఫ్టు నేనే స్వయంగా చూసుకుంటాను. ఒక్క కుదుపుండదు. బాల్కనీలో కూర్చుంటే ఊరంతా కనపడుతుంది. మీకేం లోటు రానివ్వం. వస్తారు కదూ?"

"ఊహూఁ."

మా ఆవిడ నోరు తెరవబోయి ఊరుకుంది. ఇంక నేను అందుకున్నాను. నాకు మైకు అందితే వదలను కదా.

"నీ మంచికే కదా అక్కా చెప్పేది! మిషను తొక్కే పనెలాగూ లేదాయె. ఆ ముందుగదిని చూసుకుంటూ ఇక్కడ ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావు? కొన్నాళ్ళు మార్పుగా ఉంటుంది. అలా అనకు. వెళ్తావు కదూ?"

మూల కూర్చున్న మా పిల్ల ఫక్కున నవ్వింది.

అందరం దానివైపు తిరిగాం. అప్పటికే దాని మొహంలో నవ్వు లేదు.

"ఏమిటే?"

"ఏం లేదు నాన్నా" అని తల దించుకుంది.

అక్క దాన్నే చూస్తోంది. చెల్లెలు మళ్ళీ చెయ్యి నొక్కి, మళ్ళీ అడిగింది.

"ఊఁ" అంది అక్క.

ఇల్లంతా తేలికైపోయింది. చెల్లెలు అక్కని కావలించుకుంది. "అర్థమయ్యేలా చెప్తే వదినగారు ఎందుకు కాదంటారు!" అన్నాడు బావగారు. "ఇకనుంచి మనందరికీ ఆరో అంతస్తు నుంచి ఊహూఁలు" అన్నాను నేను, అందరూ నవ్వారు. నెలాఖరుకి కారు తీసుకొస్తామన్నారు. మిషను ఎవరికన్నా ఇచ్చెయ్యమంది చెల్లెలు, ఊరికే ఉంటే తుప్పుపడుతుందని. ఆ గదిలో నా ఆంప్లిఫయర్లు పెట్టుకోవచ్చని నాకు అప్పుడే తట్టింది. మేమంతా టీ తాగుతుంటే అక్క రిమోటు తీసుకుని హీరోని సత్రంలో పడుకోబెట్టింది.

కబురు వీధిలో పాకింది. టీకొట్టాయన గొడుగేసుకుని వచ్చాడు. బల్లమీద సగం కత్తిరించి వదిలేసిన గుడ్డ ఆయన చొక్కాదే. అక్కకి మాట పడిపోయిన రోజున ఊపిరి పీల్చుకున్నవాళ్ళలో మొదటివాడు కూడా ఆయనే. పొట్ట గురించి అక్క అనే మాటలు అలాంటివి మరి.

"వెళ్ళిపోతోందిట కదా. ఆ గుడ్డ ఇచ్చేస్తే ఇంకెక్కడన్నా కుట్టించుకుంటాను" అన్నాడు మెల్లిగా.

నేను ముందుగది తీసి గుడ్డ పట్టుకొచ్చాను. అక్క చెయ్యి చాచి దాన్ని నా దగ్గర్నుంచి లాక్కుని, మంచంమీద పరిచి, దానిమీద కూర్చుంది.

"అక్కా, ఆయన గుడ్డ ఆయనకియ్యవా?"

"ఊహూఁ."

"తరవాత పంపిస్తాలెండి" అన్నాను ఆయనతో, గుమ్మం దాకా వెళ్ళి. "ఆవిడ మంచిగా చెప్తే వింటుంది."

ఆయన గొడుగు విప్పుతూ ఆగాడు. "తొందరేం లేదు. ఆవిడ కుడితేనే భుజాలు సరిగ్గా కూచునేవి" అని వానలోకి వెళ్ళిపోయాడు.

పిల్ల మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది. అసలే మితభాషి, మానేసిన సంగతి నాకు తెలియడానికే సమయం పట్టింది. "ఏమిటే, అత్తకి లిఫ్టు దొరికింది, నీకు మాట దొరకట్లేదా?" అని అడిగితే, బడిసంచి తగిలించుకుంటూ, "అత్త చాలాసార్లు కాదంది నాన్నా" అంది.

"చివరికి అవునంది కదే!"

"రాజుగారు కూడా అలాగే అనుకుంటారు" అని వెళ్ళిపోయింది. పోతూ గుమ్మంలోంచి, "నాకు పరీక్షలు. మధ్యాహ్నాలు అత్తకి నువ్వు చదివిపెట్టు. కోట దాకా వచ్చేశాం" అని అరిచింది.

ఆ మధ్యాహ్నం వాన కుండపోత. అక్క సంచీ సర్ది గోడవారగా పెట్టి ఉంది. నేను పిల్ల కుర్చీలో కూర్చుని చదవడం మొదలెట్టాను. నా ఇంగ్లీషు నా స్పీకర్లలాంటిది, మధ్యమధ్యలో గరగరమంటుంది. అయినా రాక్షసులకో గొంతు, మంత్రగత్తెకో గొంతు పెట్టి దంచేశాను. మా కర్రముక్క వీరుడు పడుతూ లేస్తూ, వెనకాల ముగ్గురు నేస్తాలని వరసలో వేసుకుని చీకటికోట ఎక్కాడు. పై అంతస్తులో పెద్ద ఇనపతలుపు. తలుపు పక్కన ఒక ముసలి కాపలావాడు.

"'ఈ తలుపు దాటితే వెనక్కి దారి లేదు. లోపలున్నది మాయరాక్షసుడు. సిద్ధమేనా?' అంటున్నాడక్కా!"

అక్క కాదు నొక్కింది.

ఈపాటికి నాకు ఆ రాజ్యం చట్టాలన్నీ నోటికొచ్చు. తెర చూడకుండానే గొంతు పెంచి అందుకున్నాను. "'అలా అనకు, వీరుడా! లోకాన్ని...'"

అక్క ఎడంచేత్తో నా మోకాలిమీద కొట్టింది. తెరవైపు వేలు చూపించింది.

చూశాను. చదివాను.

"'సరే. తొందరేం లేదు. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రా. నేనిక్కడే ఉంటాను.'"

నా ఇంగ్లీషుమీద అనుమానమొచ్చి లోలోపల మళ్ళీ చదువుకున్నాను. అదే ఉంది. అన్ని ఊళ్ళు తిరిగాం, అంతమందిని పలకరించాం. కాదంటే సరే అన్నవాడు ఆ ఆట మొత్తంలో ఇతనొక్కడే. అక్క మళ్ళీ మోకాలు తట్టింది. ఇంకోసారి చదవమని. చదివాను. ఈసారి మైకు గొంతుతో కాదు.

అక్క హీరోని వెనక్కి తిప్పింది. కోట మెట్లు దిగింది. బురదనేల దాటింది, పడవెక్కింది, పడవ దిగింది. సత్రం దగ్గర ఆగలేదు. రాజుగారి మేడ ముందునుంచి లోపలికి తొంగైనా చూడకుండా వెళ్ళిపోయింది. దారిపొడుగునా నేను చదవాల్సింది దాదాపు ఏమీ లేదు. నా నోరు అంతసేపు ఖాళీగా ఉండడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. బావి దగ్గరావిణ్ణి దాటి, ఊళ్ళో మొట్టమొదటి ఇంట్లోకి వెళ్ళింది. కుర్రాడి అమ్మ అక్కడే ఉంది.

"'వచ్చావా నాయనా'" అని చదివాను.

అక్క ఆ కుర్రాణ్ణి వాడి మంచం దాకా నడిపించి, రిమోటు పక్కన పెట్టేసింది. తరవాత తల తిప్పి, మూసి ఉన్న ముందుగది తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అక్కా" అన్నాను. "చెల్లి వాళ్ళింటికి వెళ్తావా?"

"ఊహూఁ."

నా నోట్లో కారణాలన్నీ ఆటలో రాక్షసుల్లా వరసకట్టి నిల్చున్నాయి, వంతు వస్తే చాలన్నట్టు. లిఫ్టు, ఆస్పత్రి, మెట్లు, నా ఊళ్ళ తిరుగుడు. ఒక్కదానికీ వంతు ఇవ్వలేదు.

"సరే" అన్నాను.

అక్క నావైపే చూస్తూ కూర్చుంది. నా రెండో మాట కోసం. ఎప్పుడూ ఉంటుంది కదా ఒకటి. ఆ రోజు రాలేదు.

అప్పుడు దిండు పక్కనుంచి స్పాంజి బంతి తీసి నా మొహాన కొట్టింది. ఈసారి మెల్లిగా. కుడిచేత్తో. బంతి నాదాకా రాలేదు, దారిలోనే పడింది. తీసి మళ్ళీ ఆ చేతిలో పెట్టాను.

సాయంత్రం చెల్లెలికి ఫోను చేశాను.

"నువ్వేం చెప్పావన్నయ్యా దానికి?" అని అరిచింది.

"ఏం చెప్పలేదే తల్లీ. అదే తేడా."

"ఫోను అక్కకియ్యి. నేనడుగుతాను."

"ఇస్తాను. ఒక్కసారే అడగాలి."

"ఇయ్యి" అంది. అక్క చెవికి ఆనించాను. చెల్లెలేం అడిగిందో వినపడలేదు, అక్క ఊహూఁ అన్నది వినపడింది. ఆ తరవాత ఫోనులోంచి వెక్కిళ్ళు. చెల్లెలు ఏడుస్తోందని నాకు అర్థమైంది. అక్కకీ అర్థమైంది, ఫోను రెండు చేతులా పట్టుకుంది. అంతలో అవతల గట్టిగా ముక్కు చీదిన చప్పుడు. "సరేలే. నేనే వచ్చి ఉంటాను కొన్నాళ్ళు. లిఫ్టు లేని కొంపలో నా మోకాళ్ళు ఏమైనా నాకు తెలీదు" అంది, ఇల్లంతా వినపడేలా. మా రక్తం కదా.

మా ఆవిడకి చెప్తే, "ఆ రోజే అడుగుదామనుకున్నా, వదిన ఎందుకు వద్దంటోందని" అంది. డిపోలో అడిగి మధ్యాహ్నం డ్యూటీకి మారింది. "నేను వెళ్ళేలోపు నువ్వు ఇంట్లో ఉండాలి. బస్సులకి ఆలస్యమైతే సంజాయిషీ తీసుకుంటాను, నీకు ఆలస్యమైతే తీసుకోను" అంది. నేను పాత మైకుస్టాండ్ల పైపులు కోసి గుమ్మం మెట్లకి రెండువైపులా పట్టుకునే కమ్మీలు బిగించాను. జీవితంలో నా మైకు స్టాండ్లు ఒక మనిషిని నిజంగా నిలబెట్టింది అదే మొదటిసారి. పిల్ల కమ్మీ పట్టుకుని ఊపి చూసి, "గట్టిగానే ఉంది నాన్నా" అంది. అంటే మాటలు కలిపినట్టే.

ఆ ఆట మేం పూర్తిచెయ్యలేదు. లోకాన్ని రేపే ముంచేస్తానన్న మాయరాక్షసుడు తలుపు వెనకాల ఇంకా ఓపిగ్గా కూర్చునే ఉన్నాడు. ముసలి కాపలావాడు కూడా అక్కడే ఉండి ఉంటాడు. ఉంటానన్నాడు కదా.

వానలు తెరిపిచ్చిన రోజు పొద్దున్న అక్క మంచం దగ్గరికి వెళ్ళాను. 'ఏమక్కా' దాకా అలవాటుగా వచ్చేసింది. మిగతాది మింగేసి, "ముందుగది తెరవనా?" అన్నాను.

"ఊఁ."

తెరిచాను. మిషను మీద దుమ్ము తుడిచాను. అక్క గోడ పట్టుకుని నడిచొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. మంచంమీంచి తెచ్చుకున్న టీకొట్టాయన గుడ్డని ఎడంచేత్తో పరిచింది. మీద కూర్చుని కూర్చుని అది ఇస్త్రీ అయిపోయింది. సుద్దముక్క తీసుకుని గీత గీసింది. వంకర పోయింది. తుడిచేసి మళ్ళీ గీసింది. మళ్ళీ తుడిచింది. ఆ తరవాతి గీత తిన్నగా వచ్చింది.

అప్పుడు కత్తెర తీసి నాకిచ్చింది.

"నేనా? ఊహూఁ!" అన్నాను.

కత్తెర అలాగే పట్టుకుంది.

"అక్కా, నేను వైర్లు కత్తిరించేవాణ్ణి. నా చేతికిస్తే ఆయన చొక్కా కాస్తా చేతిరుమాలవుతుంది. నా వల్ల కాదు."

కత్తెర ఇంకొంచెం ముందుకొచ్చింది.

"టీకొట్టాయన నాకు జన్మలో టీ పొయ్యడు. ఊహూఁ."

కత్తెర నా వేళ్ళకి తగిలింది. అక్క పెదవి ఎడంపక్క మెల్లిగా లేస్తోంది. గుమ్మంలో బడిసంచీతో నిల్చున్న మా పిల్ల సింహాసనం మీద కూర్చున్నంత గంభీరంగా గొంతు సవరించుకుంది.

"అలా అనకు, వీరుడా!"

"ఊఁ" అన్నాను.

కత్తెర తీసుకుని, నోరు మూసుకుని, సుద్దగీత వెంట మొదలెట్టాను. గీత దాటబోయినప్పుడల్లా అక్క చెయ్యి నా మణికట్టు మీద పడేది.